కరెంటు కుక్కర్ ఎవరి అలసటలోంచి పుట్టింది?

ఈరోజు ఎపిసోడ్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న ప్రశ్న. నిన్న రాత్రి ఏం తిన్నారు? కామెంట్లో పెట్టక్కర్లేదు, మనసులోనే చెప్పుకోండి. కానీ నిజం చెప్పుకోండి.

నేను జాబ్ చేసే రోజుల్లో, కొండాపూర్‌లో ఒక రూమ్‌లో ఉండేవాణ్ని. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ మూసేవాణ్ని. ఫ్రిజ్‌లో గుడ్లుండేవి, డబ్బాలో బియ్యం ఉండేవి, స్టవ్ అయితే నాలుగడుగుల దూరంలోనే ఉండేది. కానీ లేచి వెళ్లబుద్ధయ్యేది కాదు. ఒళ్లు నొప్పులని కాదు, బద్ధకమూ కాదు. లోపల ఏదో ఆఫ్ అయిపోయినట్టు ఉండేది. బిస్కెట్ ప్యాకెట్ విప్పుకుని మంచం మీదే కూర్చునేవాణ్ని. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్. "తిన్నావురా?" "తిన్నానమ్మా." "ఏం వండుకున్నావు?" "టమాటా పప్పు." ఇలా రెండు మూడు నెలలు టమాటా పప్పు మీదే నడిపించాను. ఒక్క రోజు కూడా వండలేదు.

ఆ టైమ్‌లో నన్ను కాస్త మనిషిలా నిలబెట్టింది ఒక పాత కరెంటు కుక్కర్. పాత రూమ్మేట్ ఖాళీ చేసేటప్పుడు వదిలేసి వెళ్లింది. ఇంజనీర్ బుద్ధి కదా, తిన్నాక దాన్ని తిరగేసి చూశాను. ఇది ఎలా పనిచేస్తోంది, ఎవడు కనిపెట్టాడు అని వెతకడం మొదలుపెట్టాను. ఎవడు కాదు, ఎవరు అనాలని తర్వాత తెలిసింది.

అక్కడికి వెళ్లే ముందు ఒక మాట. "ఈజీ కుకింగ్" అంటే ఈ కాలం పిల్లల సోమరితనం అని చాలామంది అనుకుంటారు. అదేం కాదు. మన చద్దన్నమే తీసుకోండి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పెడితే, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవకాయ ముక్కతో తినేసి పొలానికి వెళ్లిపోవచ్చు. పొయ్యి వెలిగించే పనే లేదు. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కూర్చుని తిన్నది కూడా చల్దే. పెద్దల మాట చద్దిమూట అంటాం. మంచి మాటను పోల్చడానికి మనవాళ్లకి గుర్తొచ్చింది బిర్యానీ కాదు, వండక్కర్లేని తిండి.

అలాగే మ్యాగీ. అది పిల్లల నూడుల్స్‌గా పుట్టలేదు. 1880లలో స్విట్జర్లాండ్‌లో ఫ్రిడోలిన్ షూలర్ అని ఒక డాక్టర్ ఉండేవాడు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ కూడా. ఫ్యాక్టరీల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేసే ఆడవాళ్లకి వండుకునే టైమ్ లేదు, అందుకే కార్మికుల ఇళ్లలో తిండి సరిగ్గా లేదు అని ఆయన గమనించాడు. త్వరగా ఉడికి బలాన్నిచ్చేది ఏదైనా కావాలన్నాడు. ఆ పని పిండిమరల వ్యాపారం చేసే జూలియస్ మ్యాగీ నెత్తినేసుకున్నాడు. 1884లో బఠానీ, చిక్కుడు గింజల పిండి తెచ్చాడు, 1886లో రెడీమేడ్ సూప్‌లు. అంటే ఆ పసుపు ప్యాకెట్ కథ మొదలైంది అలిసిపోయి ఇంటికొచ్చిన ఒక కార్మికురాలి దగ్గర. నూడుల్స్‌గా మన దేశానికి వచ్చింది దాదాపు వందేళ్ల తర్వాత, 1980ల మొదట్లో. సరే, మ్యాగీ గురించి ఇంకో ఎపిసోడ్ చేద్దాం. మనం జపాన్ వెళ్లాలి.

1950ల జపాన్. మనలాగే అన్నం తినే దేశం. అన్నం వండేది కమాడో అనే మట్టి పొయ్యి మీద, బరువైన గిన్నెలో. మొదట చిన్న మంట, తర్వాత పెద్ద మంట, పొంగు వచ్చాక తగ్గించాలి, చివర్లో ఆర్పేసి మగ్గబెట్టాలి. పసిబిడ్డ ఏడ్చినా సరే మూత తీయకూడదని వాళ్లకో సామెత ఉంది. ఆ సామెత విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఏడుస్తున్న బిడ్డను చంకనేసుకుని పొయ్యి ముందు కూర్చున్న మనిషి కనిపించింది. ఇంట్లో అందరికంటే ముందు, చీకటితోనే ఆమె లేవాలి. రోజూ. జ్వరం వచ్చినా సరే.

మన దగ్గర మాత్రం వేరేగా ఉండేదా? ఎసరు పెట్టడం, బియ్యం కడిగి వేయడం, మెతుకు పట్టి చూడడం, గంజి వార్చడం. కట్టెల పొయ్యి పొగలో ఇదంతా చేసిన చేతులు మీ నాయనమ్మవో అమ్మమ్మవో అయ్యుంటాయి. జొన్న రొట్టెలు, రాగి సంగటి తినే ఊళ్లలో అయితే దానికి ముందు విసరడం, దంచడం కూడా ఉండేది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక జొన్నలు, రాగులు తినే ఇళ్లలోకి కూడా వరన్నం బాగా వచ్చిందంటే, ధర ఒక్కటే కారణం కాదేమో అని నాకనిపిస్తుంది. విసిరే పని తప్పింది కదా. చిరుధాన్యాలకి తిరిగి వెళ్లిపోదాం అని రీల్స్ చేసేవాళ్లు ఆ తిరగలి ఎవరు తిప్పుతారో కూడా చెబితే బాగుంటుంది.

సరే, జపాన్. అన్నం వండే మిషన్ చేద్దామని మొదట ప్రయత్నించినవాళ్లలో ఒకరు ఎవరో తెలుసా? సోనీ. అప్పటికి ఆ పేరు కూడా లేదు. 1945, యుద్ధం అప్పుడే అయిపోయింది. ఆయుధాల ఫ్యాక్టరీలు మూతపడి కరెంటు మిగిలిపోతోంది. మసారు ఇబుకా టీమ్ ఒక చెక్క తొట్టి తీసుకుని, అడుగున అల్యూమినియం ఎలక్ట్రోడ్లు పెట్టి, బియ్యం, నీళ్లు పోసి కరెంటు ఇచ్చింది. ఒకసారి పలుకు, ఒకసారి ముద్ద. బియ్యం రకాన్ని బట్టి, పోసిన నీళ్లను బట్టి రిజల్ట్ మారిపోయేది. అది మార్కెట్లోకే రాలేదు. సోనీ తన మొదటి ఫెయిల్యూర్‌గా ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటుంది. ఫస్ట్ రిలీజ్ ఫ్లాప్ అయిన డెవలపర్లు ఎవరైనా వింటుంటే, ధైర్యంగా ఉండండి.

అప్పటిదాకా అందరి ఆలోచనా ఒకటే: వేడి ఎలా ఇవ్వాలి. అసలు చిక్కు వేరే చోట ఉంది: ఎప్పుడు ఆపాలి. అదే కదా పొయ్యి దగ్గర మనిషి చేసే పని. మంట పెట్టడం ఎవరైనా చేస్తారు, ఆపే టైమ్ తెలియడమే వంట.

తోషిబాలో యమాదా షోగో అనే ఆయన ఉండేవాడు. ఇళ్లల్లో వాడే సామాన్లు చూసే విభాగం. వాషింగ్ మెషిన్లు అమ్మడానికి ఊళ్లు తిరుగుతూ, మీకు అన్నిటికంటే కష్టమైన పని ఏది అని ఆడవాళ్లను అడిగేవాడు. వాళ్లు చెప్పింది బట్టలుతకడం కాదు, పూటపూటా అన్నం వండడం. ఆయన ఆ మాటను చెవిన పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం వెక్కిరించారు. అన్నం ఉడుకుతుంటే పడుకునే ఇల్లాలు కూడా ఒక ఇల్లాలేనా అన్న ధోరణి ఆ రోజుల్లో ఆఫీసుల్లో గట్టిగానే ఉండేది.

యమాదా ఈ పనిని మినామి యోషితాదకు అప్పజెప్పాడు. టోక్యోలో ఆయనకో చిన్న ఫ్యాక్టరీ ఉండేది, నీళ్లు కాచే హీటర్లు చేసి తోషిబాకి ఇచ్చేవాడు. ఆ ఆర్డర్లు తగ్గిపోయి ఇబ్బందుల్లో ఉన్నాడు. ఒప్పుకున్నాడు. కానీ అన్నం ఎలా ఉడుకుతుందో ఆయనకేం తెలుసు? తెలిసింది ఆయన భార్య ఫుమికోకి.

ఇక్కడి నుంచి కథ ఆవిడదే. ఇల్లు తాకట్టు పెట్టారు. ఫుమికో రోజూ అన్నం వండేది. పొయ్యి మీద, గ్యాస్ మీద, కరెంటు మీద. థర్మామీటర్ పెట్టి, గడియారం చూసి, రాసుకుని, మళ్లీ కడిగి, మళ్లీ వండేది. పిల్లల్ని, ఇంటిపనిని చూసుకుంటూనే ఇదంతా. ఇలా కొన్నేళ్లు. మనం ఇప్పుడు టెస్టింగ్ అంటాం. అప్పుడు మాత్రం "ఇంట్లో ఆవిడ వండుతోంది" అనుంటారు.

చివరికి తేలింది ఏంటంటే, దాదాపు 100 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉడికి, అక్కడ ఆపేస్తే అన్నం బాగా వస్తుంది. మరి ఆ ఇరవై నిమిషాలు అయిపోయాయని మిషన్‌కి ఎలా తెలియాలి? మామూలు టైమర్ పెడితే చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా వస్తుంది, ఎందుకంటే మరగడం మొదలవడానికే పట్టే టైమ్ మారిపోతుంది. వాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు ఎంత నచ్చిందంటే, నా కెరీర్ మొత్తంలో అంత శుభ్రమైన లాజిక్ రాయలేదు. బియ్యం గిన్నె బయట ఇంకో గిన్నె పెట్టారు. ఆ బయటి గిన్నెలో ఒక కప్పు నీళ్లు. ఆ నీళ్లు మొత్తం ఆవిరైపోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నీళ్లున్నంతసేపు వేడి 100 దాటదు. నీళ్లు అయిపోగానే వేడి ఒక్కసారిగా పైకి లేస్తుంది. అప్పుడు రెండు లోహాలు అతికించిన చిన్న పట్టీ వేడికి వంగి, కరెంటు కట్ చేస్తుంది. అంతే. మనిషి చూసే పనిని నీళ్లకి అప్పగించేశారు. బయట చలి లోపలికి తగలకుండా చుట్టూ గాలి ఖాళీ వదిలి ఇంకో పొర కట్టారు.

1955 డిసెంబర్‌లో తోషిబా దాన్ని అమ్మకానికి పెట్టింది. మొదటి విడత 700. ధర 3,200 యెన్‌లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడి నెల జీతంలో దాదాపు మూడో వంతు. దానికి టైమర్ తగిలిస్తే, రాత్రి బియ్యం కడిగి పెట్టి పడుకోవచ్చు, లేచేసరికి అన్నం రెడీ. 1960 నాటికి జపాన్‌లో దాదాపు సగం ఇళ్లలోకి వచ్చేసింది. ఐదేళ్లలో! ఆ వేగం చూస్తే ఎంతమంది ఎన్నాళ్లుగా నిద్ర కోసం ఎదురుచూశారో అర్థమవుతుంది.

ఫుమికో మాత్రం ఆ ప్రయోగాల తర్వాత ఆరోగ్యం పాడై, కొన్నేళ్లకే చనిపోయింది. మిగతా అందరి అలసటా తగ్గించే డబ్బా కోసం ఆవిడ తన ఓపికంతా పెట్టేసింది. ఇది చదివిన రోజు నేను వీడియో స్క్రిప్ట్ పక్కన పెట్టేశాను. రెండు వారాలు ముట్టుకోలేదు.

ఇప్పుడు మన ఇళ్లలో ఉండే మామూలు కుక్కర్లో బయటి గిన్నె, కప్పు నీళ్లు లేవు. కానీ ఐడియా అదే. గిన్నె తీసి చూడండి, ప్లేట్ మధ్యలో స్ప్రింగ్ మీద గుండ్రటి బిళ్ల ఒకటి ఉంటుంది. దాని లోపల అయస్కాంతం, దానికి అతుక్కునే ఫెర్రైట్ ముక్క. మీరు మీట కిందికి నొక్కితే రెండూ అతుక్కుంటాయి. అన్నం నీళ్లన్నీ పీల్చేసుకున్నాక వేడి 100 దాటుతుంది. 103 డిగ్రీల దగ్గర ఆ ముక్క అయస్కాంతానికి అతుక్కునే గుణాన్ని కోల్పోతుంది. స్ప్రింగ్ తన్నేస్తుంది. టక్. చిప్ లేదు, కోడ్ లేదు, అప్‌డేట్ అడగదు.

మా ఇంట్లోకి ఇది వచ్చింది నేను స్కూల్లో ఉన్నప్పుడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. గంజి వార్చని అన్నం ఒంటికి పడదని, ఇప్పటి ఆడవాళ్లకి ఒళ్లు వంగట్లేదని గొణిగేది. అమ్మ ఏమీ అనేది కాదు. మీట నొక్కేసి, ఆ ఇరవై నిమిషాలు గుమ్మం దగ్గర ఊరికే కూర్చునేది. ఏం చేసేది కాదు. ఊరికే. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది, అమ్మ ఖాళీగా కూర్చోవడం.

మొన్న ఊరెళ్లినప్పుడు టమాటా పప్పు అబద్ధం ఒప్పేసుకున్నాను. వండే ఓపిక ఉండేది కాదమ్మా అన్నాను. తిడుతుందనుకున్నా. కూరగాయలు తరుగుతూ, తల కూడా ఎత్తకుండా, "నాకు మాత్రం ఎప్పుడుందిరా?" అంది.

నేనేం మాట్లాడలేదు. కత్తిపీట ఇటు లాక్కుని బెండకాయలు నేను తరిగాను, అదీ వంకరటింకరగా.

ఇక చివరగా, ఓపిక లేని రోజుకి నేను చేసుకునేది చెప్పేస్తా. పులగం. కొత్తదేం కాదు, మీ ఇంట్లో పెద్దవాళ్లకి బాగా తెలుసు. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, రెండూ కలిపి కడిగేయండి. కందిపప్పు వద్దు, మామూలు కరెంటు కుక్కర్లో అది సరిగ్గా ఉడకదు. నాలుగున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు, చిటికెడు పసుపు, జీలకర్ర, నాలుగు మిరియాలు. పొంగిపోకుండా ఒక చెంచా నూనె. కుక్కర్ చిన్నదైతే అన్నీ సగం వేసుకోండి. మీట నొక్కి వెళ్లి పడుకోండి. ఏ రీల్ చూసినా, కళ్లు మూసుకున్నా మీ ఇష్టం. టక్ మన్నాక పది నిమిషాలు మగ్గనివ్వండి. నెయ్యి ఉంటే నెయ్యి, ఆవకాయ ఉంటే ఆవకాయ, ఏదీ లేకపోతే అలాగే. గిన్నెలోనే తినేయండి, ప్లేట్ కడిగే పని కూడా ఉండదు.

మిగిలితే అందులో మజ్జిగ పోసి పెట్టండి, పొద్దుటికి పనికొస్తుంది. వచ్చే ఆదివారం మ్యాగీ ఎపిసోడ్‌తో కలుద్దాం. బై.