తొలగిన షరతు: ఇండోనేషియా పంచశీల

ఇండోనేషియా ప్రజల్లో అత్యధికులు ముస్లింలైనా ఆ దేశం తనను ఇస్లామిక్ రాజ్యంగా ప్రకటించుకోలేదు; అలాగని మతంతో నిమిత్తం లేని రాజ్యంగానూ రూపొందలేదు. ఈ నడిమి మార్గానికి మూలాలు 1945లో, జపాన్ ఆక్రమణ చివరి నెలల్లో, స్వాతంత్ర్యానికి సన్నాహాలు చేసే సంఘం జరిపిన చర్చల్లో ఉన్నాయి. జూన్ 1న స్వాతంత్ర్యోద్యమ నాయకుడు సుకర్ణో జాతీయత, మానవత, సంప్రదింపులతో సాగే ప్రజాస్వామ్యం, సామాజిక సంక్షేమం, దైవవిశ్వాసం అనే ఐదు సూత్రాలను 'పంచశీల' పేరిట ప్రతిపాదించాడు. 1954లో భారత్, చైనా ఒప్పుకున్న పంచశీల వేరు. అది దేశాల పరస్పర సంబంధాలకు చెందినది.

జూన్ 22న తొమ్మిదిమంది సభ్యుల ఉపసంఘం 'జకార్తా పత్రం' అనే పీఠికను రూపొందించి, దైవవిశ్వాసాన్ని మొదటి సూత్రంగా నిలిపి, ముస్లింలు షరియాను, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్రాన్ని, పాటించాలన్న బాధ్యతను దానికి జతచేసింది. ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించిన మర్నాడే ఆ షరతు తొలగిపోయింది. అది ఉంటే తూర్పు దీవుల క్రైస్తవులు కొత్త రాజ్యంలో ఇమడలేరన్న కబురు అందడంతో సుకర్ణో సహచర నాయకుడు మహమ్మద్ హట్టా ముస్లిం నాయకులతో మాట్లాడి ఒప్పించాడు. పంచశీల కీర్తినంతా సుకర్ణోకే కట్టబెట్టడం పరిపాటి. కానీ చేతికందిన హామీని దేశ ఐక్యత కోసం వదులుకున్న, ముహమ్మదియా అనే ఇస్లామిక్ సంస్థ నాయకుడు కి బాగుస్ హదికుసుమో వంటి మతపెద్దల త్యాగమే ఆ రాజ్యాన్ని నిలబెట్టిందనడం న్యాయం.

వివాదం అంతటితో సమసిపోలేదు. 1949లో పశ్చిమ జావాలో కార్తోసువిర్యో ఇస్లామిక్ రాజ్యాన్ని ప్రకటించి 1962 దాకా సాయుధ పోరాటం సాగించాడు. 1955లో ఎన్నికైన రాజ్యాంగ పరిషత్తులో ఇస్లాం పక్షానికి గానీ పంచశీల పక్షానికి గానీ మూడింట రెండొంతుల బలం సమకూరకపోవడంతో, 1959 జులై 5న సుకర్ణో పరిషత్తును రద్దుచేసి 1945 నాటి రాజ్యాంగాన్ని పునరుద్ధరించాడు.

సుకర్ణో తర్వాత అధికారంలోకి వచ్చిన సుహార్తో ప్రభుత్వం సంస్థలన్నీ పంచశీలనే ఏకైక ప్రాతిపదికగా స్వీకరించాలని ఒత్తిడి తెచ్చింది. 1926లో స్థాపితమైన ఉలేమాల (మత పండితుల) మహాసంస్థ నహ్దతుల్ ఉలమా 1984లో అందుకు సమ్మతించింది. ఆ సమ్మతి వెనుక నిర్బంధం లేదనలేము. అయినా పంచశీల మతం కాదు, మతానికి ప్రత్యామ్నాయమూ కాదు, దాని మొదటి సూత్రం తౌహీద్‌ను, అంటే దైవం ఒక్కడే అన్న విశ్వాసాన్ని, ప్రతిబింబిస్తుందన్న ఆ సంస్థ వాదన ఇస్లామిక్ చింతన లోపలినుంచే పుట్టింది. సుహార్తో పతనమయ్యాక, స్వేచ్ఛా వాతావరణంలో, 2002లో షరియా షరతును రాజ్యాంగంలో చేర్చాలన్న ప్రయత్నానికి మద్దతు కరువైనప్పుడు ఆ సంస్థ, ముహమ్మదియా రెండూ దానికి దూరంగానే ఉన్నాయి. ఆచే ప్రాంతానికి మాత్రం ప్రత్యేక ప్రతిపత్తి కింద షరియా అమలుకు అధికారం దక్కింది.

ఈ రాజీ భారం మాత్రం 1945 చర్చల్లో చోటు దక్కనివారిపై పడింది. దైవవిశ్వాసం రాజ్యసూత్రమైనందున ప్రభుత్వం కొన్ని మతాలనే గుర్తించగా, పూర్వీకుల ఆరాధనా పద్ధతులను అనుసరించే స్థానిక సమూహాలు గుర్తింపు కార్డులో మతం గడిని ఖాళీగా వదలవలసి వచ్చింది. వారి విశ్వాసాన్నీ అందులో నమోదు చేయాలని రాజ్యాంగ న్యాయస్థానం 2017లో గానీ తీర్పు ఇవ్వలేదు.