ఒక ఇంగ్లీషు విశేషణము జాతకము

తుపాను వచ్చి ఊళ్లు కొట్టుకొనిపోయినపుడు ఇంగ్లీషు వార్తలలో ‘డిజాస్ట్రస్’ అను విశేషణము వినబడుచుండును. ఓడిన యుద్ధమునకును, మునిగిన వ్యాపారమునకును అదే మాట. మేమును ‘ఘోరమైన’ అనియో ‘వినాశకరమైన’ అనియో తెనిగించి ఊరకుండెడివారము. కాని దాని పుట్టుక వెదకినపుడు లోపల ఒక నక్షత్రము కనబడినది.

ఇటలీ భాషలో ‘ఆస్ట్రో’ అనగా నక్షత్రము. దానికి చెడును తెలుపు ‘డిస్’ చేరి ‘డిజాస్ట్రో’ అయినది. ఆ మాట 16వ శతాబ్ది చివర ఇంగ్లీషులో ప్రవేశించెను. (విశేషణము వ్రాయునపుడు ‘డిజాస్టర్’ లోని ‘ఇ’ అక్షరము లోపించును. దానిని నిలిపి మార్కులు పోగొట్టుకొన్న వారిలో మేమును ఉన్నాము.) ఆనాడు డిజాస్ట్రస్ మనిషి అనగా నాశనము చేయువాడు కాడు, చెడు నక్షత్రమున పుట్టిన అభాగ్యుడు. 1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’ కావ్యమున మిల్టన్ గ్రహణము పట్టిన సూర్యుని మసక వెలుగునకు ఈ విశేషణమునే వాడెను. ఆ వెలుగు ఎవరిని చంపునది కాదు, రానున్న కీడునకు సూచన మాత్రమే.

మనకిది వింత కాదు. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉత్పాతములకు ఒక అధ్యాయమే కేటాయించెను. ఉత్పాతము మొదట కీడును సూచించు వింత, పిమ్మట కీడే అయినది. ‘గ్రహచారము’ అనగా గ్రహముల నడక మాత్రమే. అయినను “అంతా నా గ్రహచారము” అని నుదురు కొట్టుకొనువారు ఖగోళశాస్త్రము చెప్పుటలేదు గదా!

షేక్స్పియరు ‘కింగ్ లియర్’ నాటకములో ఎడ్మండ్ అను దుష్టుడు, మనుష్యులు తమ నడత వలన వచ్చిన చేటునకు సూర్యచంద్రనక్షత్రాదులను దోషులుగా నిలిపెదరని పరిహసించును. అక్కడ చేటునకు వాడిన మాట ‘డిజాస్టరే’. దుష్టుని నోట వచ్చినను అది సత్యమే. నేడు ఆ విశేషణము నిర్ణయములకును, పరిపాలనా విధానములకును అంటుచున్నది. నింద ఆకాశము నుండి భూమికి దిగినది.

1876లో మద్రాసు రాజధానిలో వానలు లేవు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయినవి. పాత అర్థమున అది డిజాస్ట్రస్ సంవత్సరము. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్, కరవు పనులలో రాళ్లు కొట్టు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది పైకము చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్, అది పనిచేయు దేహమునకు చాలదని తీవ్రముగా వాదించెను. ఆ కూలికి నక్షత్రములతో పనిలేదు. క్రొత్త అర్థమున ఈ విశేషణము దానికే చెందును.