రెండంకెల కోసం

మా వంటింట్లో ఊరగాయ జాడీలు పెట్టే అలమర తలుపుకి లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. దానిమీద రెండు అంకెలు. చూసినవాళ్ళు పాలవాడి లెక్క అనుకుంటారు. ఆ రెండంకెలూ సంపాదించడానికి నాకు పదకొండు రోజులు పట్టిందంటే నవ్వుతారు గానీ, పట్టింది.

2011 వేసవిలో ఒక సాయంత్రం ఈదురుగాలీ, పిడుగులూను. తెల్లారి చూస్తే ఇంటర్నెట్టు మోడెం మాడి, కమురు కంపు కొడుతోంది. కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే, మోడెం తమ దగ్గరే కొనాలనీ, అది రావడానికి మూడు వారాలు పడుతుందనీ అన్నారు. నాకేమో వారం వారం సీరియల్ పంపాలి. కథానాయికని రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి వచ్చాను, మూడు వారాలు అక్కడే నిలబడమంటే ఎలా? మా మేనల్లుడు సికిందరాబాదు వెళ్ళి ఒక రౌటర్ కొనుక్కొచ్చి బిగించాడు. బిగించాక తల గోక్కుంటూ, "అత్తా, వి.పి.ఐ., వి.సి.ఐ. అని రెండు నంబర్లుంటాయి. కంపెనీవాళ్ళని అడుగు. అవి లేకపోతే ఇది ఉత్త డబ్బా" అన్నాడు.

రెండు నంబర్లే కదా, ఎంతసేపు అనుకున్నాను. మొదట మాట్లాడిన అమ్మాయి, "అది మా మోడెం కాదు కదా మేడం" అంది. మర్నాడు దొరికిన అబ్బాయి, ఆ వివరాలు కస్టమర్లకి చెప్పకూడదన్నాడు. మూడోసారి ఒక పెద్దాయన నిదానంగా, "కనెక్షన్ ఎవరి పేరున ఉందమ్మా?" అని అడిగాడు. మావారి పేరున అన్నాను. "అయితే సార్‌ని మాట్లాడమనండి." మా సార్‌కి ఆ మోడెం ఏ గదిలో ఉందో కూడా తెలియదు! బిల్లు కట్టేది నేను, వాడేది నేను, మాడితే ఏడ్చేది నేను. మాట్లాడవలసింది మాత్రం ఆయన.

పదకొండో రోజున మా వీధి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని పిలిచి మజ్జిగ ఇచ్చి అడిగాను. "అదేమన్నా బ్రహ్మరహస్యమా అమ్మా" అని గ్లాసు దించకుండానే చెప్పేశాడు. ఆ రాత్రికి నా కథానాయిక రైలెక్కింది.

పని అయిపోయింది గానీ నాకు ఉక్రోషం పోలేదు. నేను బి.ఏ. చదివినదాన్ని, అందులోనూ చరిత్ర. యంత్రాలు అర్థం కావు గానీ, ఎవరు ఎవరి దగ్గర ఏది ఎందుకు దాస్తారన్నది మాత్రం చదివితే తెలుస్తుంది. చదివాను.

ముందు ఆ అంకెల సంగతి. ఇంటికి వచ్చే టెలిఫోను రాగితీగ మనిషి మాటని మోయడానికి వేసింది. మాటకి నాలుగు కిలోహెర్ట్జ్ లోపు జాగా చాలు. తీగ అంతకు ఎన్నో రెట్లు మోయగలదు. కింద వాటాలో ఇంటాయన ఉండి, పై అంతస్తులన్నీ ఖాళీగా పడి ఉన్న మేడలాంటిదన్నమాట. ఆ ఖాళీ అంతస్తుల్ని ఇంటర్నెట్టుకి అద్దెకివ్వడమే డి.ఎస్.ఎల్. ఇళ్ళల్లో వాళ్ళకి వచ్చేది ఎక్కువ, పంపేది తక్కువ కనక వచ్చే దారి వెడల్పుగా, పోయే దారి ఇరుకుగా ఉంటే చాలునని 1980లలో అమెరికాలోని బెల్‌కోర్ సంస్థ ఇంజనీరు జోసెఫ్ లెక్‌లైడర్‌కి తోచింది. మనం వాడిన ఎ.డి.ఎస్.ఎల్. అలా పుట్టింది. ఇక నా రెండంకెలూ ఏమిటంటే, ఆ తీగలో మన సమాచారం ఏ వీధిలోంచి, ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో రౌటర్‌కి చెప్పే గుర్తులు. బ్రిటన్‌లో టెలిఫోను లైన్లకి సాధారణంగా 0, 38. జర్మనీలో 1, 32. దేశం మొత్తం మీద లక్షల ఇళ్ళకి అవే అంకెలు! పాస్‌వర్డ్ దాచారంటే అర్థముంది. దీన్ని దాచడం రైల్వే స్టేషన్ ఎటువైపో చెప్పకుండా దాచడం లాంటిది.

దాచడం వెనక ఉన్నది అంకెలు కావు, ఇంట్లో ఉన్న పెట్టె ఎవరిదన్న పేచీ. ఈ పేచీ ఇంటర్నెట్టుకన్నా చాలా పాతది.

అమెరికాలో బెల్ కంపెనీ రాజ్యం చేసిన రోజుల్లో ఫోను కొనుక్కునేది కాదు. కంపెనీ అద్దెకిచ్చేది, కంపెనీ అనుబంధ ఫ్యాక్టరీలోనే తయారయ్యేది. తాము ఇవ్వని వస్తువేదీ దానికి తగిలించకూడదని నిబంధన. అప్పట్లో హష్-ఎ-ఫోన్ అని ఒక చిన్న వస్తువు అమ్మేవారు. కరెంటు లేదు, తీగ లేదు. ఫోనులో మాట్లాడేచోట తగిలించుకునే దొప్పలాంటిది, అంతే. మన మాట పక్కవాళ్ళకి వినపడకుండా ఉండడానికి. దానివల్ల టెలిఫోను వ్యవస్థకే చేటని ఎ.టి. అండ్ టి. కంపెనీ వాదించింది. 1948లో మొదలైన ఫిర్యాదు ఏళ్ళ తరబడి నడిచింది. 1955లో ప్రభుత్వ కమిషన్ కంపెనీ పక్షమే తీర్పు చెప్పింది. మరుసటి ఏడు, 1956లో, అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే తప్పు లేనప్పుడు, అదే పని దొప్పతో చేస్తే తప్పేమిటన్నది కోర్టు అడిగిన మాట. వంటింట్లో ఏ అత్తగారైనా ఒక్క క్షణంలో తేల్చేసే సంగతి తేలడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

ఇందులో నాకు ముచ్చటేసిన విషయం ఒకటుంది. ఈ దొప్ప వ్యవహారంలో సాయపడిన శబ్దశాస్త్రవేత్త లియో బెరానెక్. ఆయన భాగస్వామిగా ఉన్న బి.బి.ఎన్. సంస్థే 1969లో ఇంటర్నెట్టుకి పూర్వరూపమైన ఆర్పానెట్ కోసం సమాచారాన్ని దారి మళ్ళించే యంత్రాలు తయారుచేసింది. ఇప్పటి రౌటర్లకి అవి తాతమ్మలు. నవలలో ఇలా రాస్తే ఎడిటరుగారు కాకతాళీయం ఎక్కువైందని కోప్పడతారు.

ఆ తరువాత టెక్సాస్‌లో థామస్ కార్టర్ అని ఒకాయన. ఊళ్ళకి దూరంగా చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్ళు వైర్‌లెస్ మీద మాట్లాడితే, ఆ మాట ఆఫీసులో ఫోనుకి అందేలా ఒక పెట్టె చేశాడు. ఫోను రిసీవర్‌ని ఆ పెట్టె మీద పెట్టడమే, తీగలు కలపనక్కర్లేదు. 1959 నుంచి 1966 వరకు సుమారు 3,500 అమ్మాడు. కంపెనీ ససేమిరా ఒప్పుకోలేదు. కార్టర్ కోర్టుకెక్కాడు. 1968లో కమిషన్ ఈసారి ఆయన పక్షాన నిలిచింది. వ్యవస్థకి హాని చేయనంత వరకు ఎవరి పెట్టె వాళ్ళు తగిలించుకోవచ్చని.

ఓడిపోయిన కంపెనీ ఊరుకుందా? సరే తగిలించుకోండి, అయితే మధ్యలో మా రక్షణ పెట్టె ఒకటి పెట్టాలి, దానికి నెలనెలా అద్దె ఇవ్వాలంది. ఆడపడుచు కట్నం గుర్తొచ్చింది నాకు. ఆ మెలిక కూడా 1970ల చివరికి వీడిపోయింది. పరికరం పరీక్షకి నిలిచి నమోదైతే చాలు, నేరుగా గోడకి గుచ్చుకోవచ్చన్నారు. ఫ్యాక్స్ మిషన్లు, ఆన్సరింగ్ మిషన్లు, మోడెంలు బజారులో దొరికే సరుకులయ్యాయి. ఆ కార్టర్ మొండిగా నిలబడకపోతే మా మేనల్లుడు రౌటర్ కొనుక్కొచ్చేవాడా అనిపిస్తుంది నాకు.

మన దగ్గర ఇంత రగడ లేదు, ఎందుకంటే రగడకి ముందు ఫోనంటూ ఉండాలి కదా! మా నాన్నగారు దరఖాస్తు పెట్టిన చాలా ఏళ్ళకి, నేను ఎనిమిదో క్లాసులో ఉండగా వచ్చింది. నల్లటిది, బరువు. డిపార్టుమెంటు సొత్తు, విప్పకూడదు, కదపకూడదు అని వచ్చినాయన చెప్పి మరీ వెళ్ళాడు. అమ్మ దానిమీదికి క్రోషియాతో గుడ్డ అల్లింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద గడిచిన రోజులవి. దాని స్థానంలో కొత్త చట్టం 2023లో గానీ రాలేదు.

నా పదకొండు రోజుల బాధకి సరిగ్గా సరిపోయే మందు మాత్రం జర్మనీలో దొరికింది. అక్కడ కూడా కొన్ని కంపెనీలు తమ రౌటరే వాడాలని పట్టుబట్టి, లైనుకి కావలసిన వివరాలు చెప్పేవి కావు. కంపెనీ హద్దు గోడ దగ్గర ఆగుతుందా, ఇంట్లో ఉన్న రౌటర్ దాకా వస్తుందా అన్నది వాళ్ళ తగవు. రౌటర్ నిర్బంధమని దానికి వాళ్ళ భాషలో ఒక పేరే పుట్టింది. 2015లో చట్టం చేశారు, 2016 ఆగస్టు 1 నుంచి అమలైంది. హద్దు గోడకున్న సాకెట్టే. లోపల పెట్టె మన ఇష్టం. అన్నిటికన్నా నన్ను సంతోషపెట్టిన నియమం ఇంకొకటి: కనెక్షన్ ఇచ్చేటప్పుడే ఆ వివరాలన్నీ అడగకుండానే ఇవ్వాలి, పైసా పుచ్చుకోకుండా. అడగకుండానే! ఆ మాట చదివి మావారికి కూడా వినిపించాను. ఆయన పేపరులోంచి తలెత్తి, "మోడెం ఇంతకీ ఏ గదిలో ఉంది?" అన్నారు.

మొన్న మా వీధిలో రాగితీగ పీకేసి గాజుతీగ వేశారు. ఒక కుర్రాడు వచ్చి గోడకి తెల్లటి పెట్టె బిగించాడు. ఊరగాయల అలమర కాగితం ఇక దేనికీ పనికిరాదు, తీసెయ్యబుద్ధి కాలేదు. దాని పక్కనే ఒక కొత్త కాగితం అంటించి పెన్ను పట్టుకొచ్చాను.

"బాబూ, దీని సెట్టింగులు, యూజర్‌నేం, పాస్‌వర్డూ అన్నీ ఇక్కడ రాసిపెట్టు."

"అవి మీకెందుకాంటీ, ఏదైనా వస్తే ఫోన్ చెయ్యండి" అన్నాడు.

"కూర్చో నాయనా, మజ్జిగ తెస్తాను" అన్నాను.