గ్రంథకర్తృస్వాతంత్ర్యము - ముద్రణభారము

కారకవిచారమునఁ బాణిని కర్తను స్వతంత్రునిగా నిర్వచించి, అతనిని బ్రేరేపించువానికి హేతుసంజ్ఞ నిచ్చెను. ఈ భేదము గ్రంథప్రకాశనమునకుఁ జక్కఁగాఁ బొసఁగును. తాళపత్రకాలమునఁ బ్రతి వ్రాయించుకొనువాఁడే వ్యయము భరించెడివాఁడు. ముద్రణము వచ్చినపిదప నొక్క ప్రతియైన నమ్ముడుపోకమునుపే కాగితమునకును, అచ్చుకూర్పునకును, బైండునకును ద్రవ్యము కావలసివచ్చెను. ఆ ద్రవ్య మెవరు పెట్టిరి? వారికి గ్రంథముపైఁ గల యధికార మెట్టిది? ఆంధ్రదేశమున నీ ప్రశ్నకు నాలుగు విధములైన సమాధానములు గానవచ్చుచున్నవి.

మొదటిది వేతనపద్ధతి. 1829లో వేమనపద్యముల నాంగ్లానువాదముతోఁ బ్రకటించిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను పండితులకు జీతము లిచ్చి తాళపత్రప్రతులను సరిచూపించెను, వ్యాఖ్యానములు వ్రాయించెను. జూలూరి అప్పయ్యగారి వ్యాఖ్యతోడి మనుచరిత్రము 1851లో వెలువడెను. ఈ పద్ధతిలోఁ బండితునకు నష్టభయము లేదు; కాని యే గ్రంథము పరిష్కరింపవలయునను నిర్ణయము పోషకునిది.

రెండవది స్వీయముద్రాలయము. పరవస్తు చిన్నయసూరి తన యింటనే వాణీదర్పణ మను ముద్రణశాలను నెలకొల్పెను. ఆయన నీతిచంద్రిక 1853లోఁ బ్రకటితమయ్యెను. కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1874లో వివేకవర్ధని నారంభించినపుడు పత్రిక చెన్నపట్నమున నచ్చగుచుండెను. నాఁటికి రాజమహేంద్రవరమునకు రైలు లేదు. వ్రాఁతప్రతి పోవుటకును, అచ్చు ప్రతులు వచ్చుటకును గలుగు జాప్యమును సహింపక, వారు రాజమహేంద్రవరముననే ముద్రాలయము స్థాపించిరి. రాజశేఖరచరిత్రము మొదట నా పత్రికలోను, పిదప 1880లోఁ బుస్తకముగను వెలువడెను. ఇట రచయితయే ముద్రాపకుఁడు. స్వాతంత్ర్యము సంపూర్ణము, భారమును సంపూర్ణమే.

మూఁడవది ప్రకాశకసంస్థ. చెన్నపట్నమున వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు స్థాపించిన ముద్రాలయమును, వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారు విస్తరింపఁజేసిరి. ఇట్టి సంస్థకు మూలధనముతోపాటు ధైర్యమును వలయునని రాధికాసాంత్వనవృత్తాంతము తెలుపును. ముద్దుపళని కావ్యమును బెంగళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపఁగా 1910లో వావిళ్లవారు ప్రకటించిరి. 1911లోఁ బ్రభుత్వము దానిని నిషేధించెను. టంగుటూరి ప్రకాశంపంతులుగారి ప్రభుత్వకాలమున నిషేధము తొలఁగెను. 1952లో వావిళ్లవారే మరల ముద్రించిరి. పరిష్కర్త్రి పక్షమున నష్టమును బంచుకొన్నవాఁడే నిజమైన ప్రకాశకుఁడు.

నాలుగవది మండలి. తిరువూరు ప్రాంతమునందలి వినగడపవంటి గ్రామములలో నుండు పండితుఁడు ముద్రాలయము పెట్టఁజాలఁడు. పట్టణమునందలి ప్రకాశకుని యొద్దఁ బలుకుబడియు నతనికి దుర్లభము. అట్టివారికి మార్గము చూపినది 1906లో హైదరాబాదున స్థాపితమై, పిదపఁ జెన్నపట్నమునకు మాఱిన విజ్ఞానచంద్రికామండలి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పాండిత్యమునకు, నాఁడు కృష్ణామండలమునఁ జేరియుండిన మునగాల పరగణా ప్రభువు నాయని వేంకటరంగారావుగారి యండ తోడయ్యెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రమును, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగమును ఈ మండలివారే ప్రకటించిరి. చందాదారులు చేరినకొలఁది ద్రవ్యభార మొక్కనిపైఁ బడక పలువురిపైఁ బంపకమగును.

నేఁడు వ్యాపించిన ప్రచురణసేవాసంస్థల పద్ధతి యీ నాలుగింట నొక్కదానను నిమిడినది కాదు. పరిష్కరణమునకు, ముఖపత్రమునకు, ముద్రణమునకు రచయితయే వెల యిచ్చును. భారము చిన్నయసూరికివలె రచయితదే. ముద్రాలయము మాత్ర మన్యునిది. కావున స్వామ్యమును గూర్చిన యొడంబడిక యిట మిక్కిలి ముఖ్యము. 1957 నాఁటి గ్రంథస్వామ్యశాసనము ప్రకారము సామాన్యముగా రచయితయే ప్రథమస్వామి. స్వామ్యదానము వ్రాఁతమూలముగా నుండవలయును. అందుఁ గాలపరిమితి చెప్పనిచో నది యైదేండ్లుగా నెన్నఁబడును. పుస్తకములకు వేయు అంతర్జాతీయ ప్రమాణసంఖ్యను భారతదేశమునఁ బ్రభుత్వసంస్థ యుచితముగా నిచ్చుచున్నది. ఈ సంగతు లెఱుఁగనివాఁడు ఉచితమైనదానికి వెల యిచ్చును, తనదైనదానిని బరునకు వ్రాసియిచ్చును.

సూత్రమునఁ బదము లోపించినచో ననువృత్తి చేకొని యర్థము నిర్ణయింపవచ్చును; ఒడంబడికలో లోపించిన పదమునకు ననువృత్తి లేదు. ప్రతుల సంఖ్య, లెక్క చూపు గడువు, తప్పొప్పుల సవరణభారము, స్వామ్యకాలము స్పష్టముగా వ్రాయించుకొన్న రచయితయే ద్రవ్యము వెచ్చించియుఁ గర్తగా నిలుచును. లేనిచోఁ బుస్తకముపైఁ బేరు మాత్ర మతనిది.