నడివయసులో విదేశీ స్థిరాస్తి చదువు: రాయచూరు జిల్లా

పదేళ్లో పదిహేనేళ్లో ఉద్యోగం, వ్యాపారం లేదా సేద్యం చేసినవారు మళ్లీ విశ్వవిద్యాలయంలో చేరి భూమికి, భవనానికి విలువ కట్టడం, వాటికి పెట్టుబడి సమకూర్చడం నేర్చుకోవడాన్ని ఇక్కడ నడివయసు స్థిరాస్తి చదువు అంటున్నాం. కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో 2009లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. యరగేరాలో సాధారణ విశ్వవిద్యాలయమూ ఉంది. అయినా ఈ చదువు కావాలంటే జిల్లా దాటక తప్పదు, చాలామందికి దేశం కూడా.

నేపథ్యం

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ దోఆబ్ కోసం 1520లో శ్రీకృష్ణదేవరాయలు యుద్ధం చేశాడు. 1853లో నిజాం, కంటింజెంట్ సైన్యం బాకీ కింద బేరార్, ధారాశివ్‌లతో పాటు దీన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1860లో మళ్లీ నిజాం చేతికొచ్చింది. అంటే అప్పు కింద ఒక ప్రాంతానికి ప్రాంతమే ఏడేళ్లు తాకట్టులో ఉందన్నమాట.

1953లో తుంగభద్ర జలాశయం సిద్ధమయ్యాక ఎడమ కాలువ కింద సాగు పెరిగింది. గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతు కుటుంబాలు తరలివచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి చుట్టూ స్థిరపడ్డాయి. (గంగావతి అప్పట్లో ఈ జిల్లాలోదే. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది.) వీరు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. డెల్టాలో ఎకరం అమ్మిన డబ్బుకు ఇక్కడ దానికి ఎన్నో రెట్లు నేల వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఆర్బిట్రేజ్ అని పేరు. ఆ పేరు తెలియకుండానే తాతలు ఆ పని చేశారు.

ఏం నేర్పుతారు

ఈ చదువుకు మూలం ఒక చిన్న లెక్క. ఎకరానికి ఏడాదికి 40 వేల రూపాయల కౌలు వస్తుందనుకుందాం. పెట్టుబడిదారుడు 8 శాతం రాబడి ఆశిస్తే ఆ ఎకరం విలువ 5 లక్షలు. బేరం 15 లక్షల దగ్గర తెగిందంటే మిగతా 10 లక్షలు కౌలుకు కాదు, రేపటి మీద ఆశకు కట్టిన ధర. లేఅవుట్ పడుతుందనో, పక్క నుంచి రోడ్డు వస్తుందనో. కాలువ ఎగువ పొలానికీ, నీరు అందీ అందని చివరి భూములకూ ధర ఎందుకు తేడా అన్నది సింధనూరు పిల్లవాడికి చెప్పక్కర్లేదు. ఆ తేడాను ఏటా వచ్చే రాబడిగా, ముప్పుగా విడదీసి కాగితం మీద పెట్టడమే తరగతిలో అదనంగా దొరికేది.

ఎం.ఐ.టి.లో స్థిరాస్తి కేంద్రం 1983లో మొదలైంది. బ్రిటన్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయం, కేంబ్రిడ్జిలోని ల్యాండ్ ఎకానమీ విభాగం ఈ రంగంలో పేరున్నవి. ఉద్యోగం మానలేనివారికి కేంబ్రిడ్జిలో పార్ట్‌టైమ్ మాస్టర్స్ కూడా ఉంది. అమెరికా, బ్రిటన్ ఏదైనా సరే, లెక్కలు నేర్పుతాయి కానీ పహణీ (ఇక్కడి భూమి హక్కుల, సాగు రికార్డు) చదవడం నేర్పవు.

తెలుగువారిలో ఈ దారికి దగ్గరగా నిలిచే పేరు దువ్వూరి సుబ్బారావు. 1972లో ఐ.ఏ.ఎస్.లో చేరిన ఆయన ఉద్యోగంలో ఉండగానే ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రంలో ఎం.ఎస్. చేశారు. 1982–83లో హంఫ్రీ ఫెలోగా ఎం.ఐ.టి.కి వెళ్లారు. 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు. ఆయన చదివింది స్థిరాస్తి కాదు. పైగా ప్రభుత్వోద్యోగికి స్టడీ లీవ్ ఉంటుంది. క్యాంపులో వరి వేసుకునేవాడికి ఎవరు సెలవిస్తారు?

డబ్బు చిక్కు

నడివయసువారికి మొదటి అడ్డంకి వయసే. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 35 ఏళ్లలోపు వారికే. బ్రిటన్ ఇచ్చే చీవ్‌నింగ్‌కు గరిష్ఠ వయసు లేదు, రెండేళ్ల పని అనుభవం కావాలి. చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది. 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో సాధారణ మాస్టర్స్ చదివేవారు భార్యాబిడ్డలను వెంట తీసుకెళ్లే వీలు పోయింది. నలభై ఏళ్ల మనిషికి ఫీజు కన్నా ఇదే బరువు.

రెండో అడ్డంకి మరీ విచిత్రం. పదెకరాల మాగాణి ఉన్నా, పెద్ద విద్యారుణానికి దాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు. బాకీ పడితే కోర్టుకు వెళ్లకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకిచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం, 31వ సెక్షన్ ప్రకారం, వ్యవసాయ భూమికి వర్తించదు. రైతును కాపాడే నిబంధనే చదువుకు వెళ్లే రైతు బిడ్డకు అడ్డొస్తుంది. అందుకే టౌన్లో ఇల్లో, ఎన్.ఏ. (వ్యవసాయేతర భూమిగా మార్పిడి) చేయించిన స్థలమో ఉన్నవారి పని తేలిక.

మూడో అడ్డంకి పహణీలోనే ఉంటుంది. దాని 9వ గడిలో యజమాని పేరు, 11వ గడిలో ఋణాలు, ఇతర హక్కులు, 12వ గడిలో సాగు వివరాలు ఉంటాయి. ఎప్పుడో తీర్చేసిన పంట రుణం కూడా బ్యాంకు లేఖ ఇచ్చి తీయించకపోతే 11వ గడిలో అలాగే నిలిచిపోతుంది. భూమి పథకం కింద 2000 దశకం మొదట్లో పహణీలు కంప్యూటరుకెక్కాయి కానీ ఈ పాత బాకీలు వాటంతటవే చెరిగిపోలేదు.

తిరిగి వచ్చాక

విదేశీ డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే కంపెనీల చట్టం కింద ఆస్తి విలువ కట్టే అధికారం రాదు. 2017 నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ వాల్యూయర్ కావాలంటే నిర్ణీత అర్హత, అనుభవంతో పాటు ఇక్కడి పరీక్ష రాయాలి. లేఅవుట్ వేయాలంటే 2016 నాటి రెరా చట్టం ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలానికి సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెద్ద నగరాల్లో ఉద్యోగాలకు మాత్రం దారి తెరుచుకుంది. దేశంలో తొలి రీట్ (స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టు), బెంగళూరుకు చెందిన ఎంబసీ ఆఫీస్ పార్క్స్, 2019 ఏప్రిల్లో స్టాక్ మార్కెట్లోకి వచ్చింది.

కర్ణాటకలో వ్యవసాయదారు కానివారూ పొలం కొనడానికి 2020 సవరణ వీలు కల్పించింది. కానీ చదువుకు విదేశం వెళ్లినవారిని విదేశీ మారకద్రవ్య నిబంధనలు ప్రవాస భారతీయులుగానే చూస్తాయి. ప్రవాసులు సేద్యపు భూమి కొనకూడదు. అంతకు ముందు ఉన్న పొలాన్ని ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చినదాన్ని తీసుకోవచ్చు. సింధనూరులో పక్క పొలం అమ్మకానికొస్తే, లండన్‌లో భూమి విలువ కట్టడం నేర్చుకుంటున్నవాడు తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడే దాకా దాన్ని తన పేరున కొనలేడు.