షౌఖీనుల చేతిలో ఫోను – సయనోజెన్‌మాడ్ చరిత్ర

చరిత్ర అనగానే మనకు కోటలు, తఖ్తులు, తారీఖులు జ్ఞాపకం వస్తాయి. ఇరవై ఏళ్ళుగా నేను బడిలో చెబుతున్నదీ అదే. అయితే మన జేబులో ఉన్న ఫోనుకు కూడా ఒక చరిత్ర ఉన్నది. అందులో కంపెనీల భాగం అందరికీ తెలుసు, ప్రకటనల్లో రోజూ చూస్తూనే ఉన్నాము. జీతం బత్తెం లేకుండా, రాత్రులు మేలుకొని పనిచేసినవారి భాగం మాత్రం చాలామందికి తెలియదు. ఇట్లా ఇష్టంకొద్దీ చేసే పనిని ఉర్దూలో షౌఖ్ అంటాము. ఆ మాటే తెలుగులోకి వచ్చి షోకు అయింది. అయ్యేసరికి దాని అర్థం కాస్తా ఇస్త్రీ చొక్కా, అత్తరు వైపు తిరిగిపోయింది. నేనిక్కడ పాత అర్థంలోనే వాడుతున్నానని పాఠకులకు మనవి.

2008 అక్టోబరులో అమెరికాలో జీ1 అనే ఫోను అమ్మకానికి వచ్చింది. తయారుచేసింది తైవాన్ వారి హెచ్‌టీసీ కంపెనీ, అమ్మింది టీ-మొబైల్. ఆండ్రాయిడ్‌తో నడిచిన మొట్టమొదటి ఫోను ఇదే. తెర పక్కకు జరిపితే కింద అచ్చంగా టైపు మిషనుకు ఉన్నట్టు మీటలుండేవి. ఆ నెలలోనే గూగుల్ ఆండ్రాయిడ్ మూల ప్రోగ్రామును బయటపెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్సులో రాసి ఉన్నది. కాని విచిత్రం ఏమంటే, ప్రోగ్రాము చేతికిచ్చినవారు ఫోనుకు మాత్రం తాళం వేసి అమ్మారు. మార్చిన ప్రోగ్రామును ఆ ఫోనులో పెట్టడానికి దారి లేదు.

ఆ తాళం ఊడిన తీరు చెప్పుకోదగ్గది. 2008 నవంబరులో ఒక యువకుడు తన స్నేహితురాలితో మెసేజీలలో మాట్లాడుతున్నాడు. జవాబు ఎందుకు ఆలస్యమైందని ఆమె అడిగింది. అంతకుముందే ఫోనును ఆపి మళ్ళీ ఆన్ చేసి ఉన్నాడు గనుక, సంజాయిషీగా “రీబూట్” అని ఒక్క మాట టైపు చేశాడు. వెంటనే ఫోను ఆగిపోయి మళ్ళీ మొదలైంది! కారణం ఏమంటే, పరీక్షల కోసం పెట్టుకున్న ఒక రహస్య ద్వారాన్ని తయారీవాళ్ళు మూయడం మరిచిపోయారు. మీటల మీద ఏం కొట్టినా అది మెసేజీలోకీ పోతుంది, ఫోను లోపల సర్వాధికారాలున్న హుకుముగానూ పోతుంది. రాజుగారి ముద్ర దారిలో పడేసుకున్నట్టు. గూగుల్ కొద్దిరోజుల్లోనే ఆ పొరపాటు సరిచేసింది. కాని షౌఖీనులు ఊరుకుంటారా? సరిచేసిన ప్రోగ్రామును తీసేసి, మళ్ళీ ఆ తప్పు ఉన్న పాత ప్రోగ్రామునే పనిగట్టుకొని ఎక్కించుకొని, ఆ ద్వారంలోంచి లోపలికి పోయారు.

మొదట ఒకాయన మారుపేరుతో, మార్పులు చేసిన ప్రోగ్రామును తయారుచేసి అందరికీ ఇచ్చాడు. దానినే ఆధారం చేసుకొని 2009లో స్టీవ్ కాండిక్ అనే అమెరికా ప్రోగ్రామరు తన సొంత మెరుగులు దిద్దాడు. ఆయన పెట్టుకున్న మారుపేరు సయనోజెన్. రసాయన శాస్త్రం చదివినవారికి తెలుసు, అది ఒక విషవాయువు పేరు! అట్లా ఆయన పనికి సయనోజెన్‌మాడ్ అని పేరు వచ్చింది. మొదటి ఆయన అదే ఏడు ఆగస్టులో పని మానుకుంటూ, తనవాళ్ళను ఇటు పొమ్మని చెప్పి వెళ్ళాడు. కంపెనీ ఇవ్వనివి ఇందులో దొరికేవి. పాట నాణ్యత తగ్గకుండా వినిపించే ఫ్లాక్ పద్ధతి, ప్రోగ్రాములను మెమరీ కార్డు మీదికి మార్చే సౌకర్యం, ఇంకా ఎన్నో. 192 ఎంబీ మెమరీ ఉన్న ఆ ఫోనుకు ఇవి చిన్న విషయాలు కావు.

2009 సెప్టెంబరులో గూగుల్ నుండి కాండిక్‌కు వకీలు నోటీసు వచ్చింది. ఆండ్రాయిడ్ అందరిదే, కాని జీమెయిల్, మ్యాప్స్, యూట్యూబ్, మార్కెట్ మాత్రం మావి, వాటిని మా అనుమతి లేకుండా కలిపి పంచకూడదని దాని సారాంశం. పని ఆగిపోతుందనే అనుకున్నారు. చివరకు మధ్యేమార్గం దొరికింది. గూగుల్ సొంత ప్రోగ్రాములు లేకుండా సయనోజెన్‌మాడ్ ఇవ్వాలి, వాడేవాళ్ళు తమ ఫోనులో ముందే ఉన్నవాటిని దాచుకొని మళ్ళీ పెట్టుకోవాలి. గూగుల్ మీద అప్పుడు చాలామంది కోపం తెచ్చుకున్నారు. నా మటుకు నాకు ఆ నోటీసు మేలే చేసిందనిపిస్తుంది. ఏది ఉమ్మడి సొత్తు, ఏది ఒకరి సొంతం అనే గీత అప్పుడే స్పష్టంగా పడింది. తరువాతి కథకు ఆ గీతే ముఖ్యం.

తరువాత పని పెరుగుతూ పోయింది. ఒక్కొక్క ఫోనుకు ఒక్కొక్కరు బాధ్యత తీసుకున్నారు. శాంసంగ్ 2011లో కాండిక్‌ను ఉద్యోగంలోకి పిలిచింది. అదే ఏడు మే నెలలో హెచ్‌టీసీ తన ఫోన్ల తాళం తీసుకోనిస్తామని ఒప్పుకున్నది. వాడేవారి సంఖ్య 2012 జనవరికి పది లక్షలు, 2013 డిసెంబరుకు కోటి. ఇది లెక్కలోకి వచ్చినవారి సంఖ్య మాత్రమే.

కోటిమంది వాడే వస్తువు చుట్టూ డబ్బు తిరగకుండా ఉంటుందా? 2013 సెప్టెంబరులో సయనోజెన్ ఇన్‌కార్పొరేటెడ్ అనే కంపెనీ వెలిసింది. మొదట 70 లక్షల డాలర్లు, ఆ డిసెంబరులో 2 కోట్ల 30 లక్షలు, 2015 మార్చిలో 8 కోట్లు, మొత్తం 11 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. గొడవలు కూడా మొదటినుంచే వచ్చాయి. ఫోకల్ అనే కెమెరా ప్రోగ్రాము రాసిన ఒక యువకుడు, లైసెన్సు మార్చాలని కంపెనీ అడగడం నచ్చక, తన ప్రోగ్రామును వెనక్కి తీసుకున్నాడు. కొందరు విడిపోయి ఆమ్నిరామ్ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. ఉచితంగా ఇచ్చినవాడికి, తాను ఇచ్చినదానితో ఇంకొకరు కంపెనీ కట్టినప్పుడు మనసు చివుక్కుమనడంలో వింత లేదు.

మన దేశం ఈ కథలోకి వచ్చింది 2014లో. చైనా కంపెనీ ఒన్‌ప్లస్ తన మొదటి ఫోనును సయనోజెన్‌తోనే అమ్ముతున్నది. ఇండియాలో మాత్రం సయనోజెన్ వారు మైక్రోమాక్స్‌తో ప్రత్యేక ఒప్పందం రాసుకున్నారు. ఇక చూడండి! డిసెంబరులో ఒన్‌ప్లస్ ఇక్కడ అడుగుపెట్టగానే మైక్రోమాక్స్ ఢిల్లీ హైకోర్టుకు పోయింది. 16వ తేదీన ఒన్‌ప్లస్ అమ్మకాలపై మధ్యంతర నిషేధం వచ్చింది, ఆ నెలలోనే ధర్మాసనం దానిని తొలగించింది. షౌఖ్‌తో రాసి ఊరికే పంచినదాని పేరు మీద రెండు కంపెనీలు కోర్టులో నిలబడ్డాయి. మైక్రోమాక్స్ వారి యురేకా ఫోను 2015 జనవరిలో 8,999 రూపాయలకు వచ్చింది. మా అక్క కొడుకు ఆన్‌లైనులో కాచుకొని కూర్చుని నాకొకటి తెప్పించాడు.

ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. ఒన్‌ప్లస్ తన సొంత ప్రోగ్రాము చేసుకున్నది. 2016 జూలైలో కంపెనీ ఉద్యోగులను తీసేసింది. నవంబరు ఆఖరుకు కాండిక్ తాను మొదలుపెట్టిన కంపెనీనుంచే బయటికి పోయాడు. డిసెంబరు 23న ప్రకటన వెలువడింది: 31వ తేదీతో సేవలన్నీ బంద్. సయనోజెన్‌మాడ్ అనే పేరు కూడా కంపెనీదే గనుక ఆ పేరు షౌఖీనులకు దక్కలేదు.

ప్రోగ్రాము మాత్రం దక్కింది. లైసెన్సు ప్రకారం అది అందరిదీ. డిసెంబరు 24న, అంటే ప్రకటన వచ్చిన మరునాడే, అదే మనుషులు అదే పనిని లీనియేజ్ ఓఎస్ అనే పేరుతో మొదలుపెట్టారు. లీనియేజ్ అంటే వంశపరంపర, మనవాళ్ళు శజరా అంటారే, అది. పేరు పోగొట్టుకున్నవాళ్ళు వంశం పేరు పెట్టుకోవడం నాకు భలే నచ్చింది. 11 కోట్ల డాలర్ల కంపెనీ మూడేళ్ళ చిల్లర నిలిచింది. జీతాలు లేని ఈ పని 2024 డిసెంబరు 31న, 15వ ఆండ్రాయిడ్ ఆధారంగా 22.1 సంచికను విడుదల చేసింది.

నా యురేకాకు కంపెనీ నుంచి కొత్త ప్రోగ్రాములు రావడం ఆగిపోయాక, దాన్ని అమ్మేద్దామనుకున్నాను. మా అక్క కొడుకు నవ్వి, “మామూ, ఫోనుకేం కాలేదు. వాళ్ళే దాన్ని వదిలేసిన్రు” అన్నాడు. 2017లో ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలైనాక కూర్చొని దాంట్లో లీనియేజ్ ఎక్కించాడు. రెండుసార్లు తెర నల్లగా ఆగిపోయింది, నేను ఆశ వదులుకున్నాను. మూడోసారి వెలిగింది. 2020లో బడులు మూసినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కల పాఠాలు అందులోనే రికార్డు చేసి పంపాను. బ్యాటరీ ఉబ్బిపోయేదాకా అది పనిచేసింది.