సింధియా పేరు వెనక ఒక ఓడ

మల్కాపురం దాటగానే కండక్టరు "సింధియా, సింధియా" అని కేకేస్తాడు. క్యారేజీ చేతపట్టుకుని ఏళ్ల తరబడి ఆ కేకకే దిగాను. ఆ పేరు గ్వాలియర్ రాజవంశానిది. మన విశాఖ రేవుదాకా అది ఒక ఓడ వల్ల వచ్చింది. ఇక్కడి ఓడల యార్డు చరిత్ర ఎవరు రాసినా 1941 శంకుస్థాపనతో ఎత్తుకుంటారు. నేను ఆ ఓడ దగ్గర ఎత్తుకుంటాను.

దాని మొదటి పేరు 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా'. ఇంగ్లండులోని బారోలో కట్టి 1890లో నీళ్లలోకి దించారు. కెనడియన్ పసిఫిక్ కంపెనీ వాంకూవర్, హాంకాంగుల మధ్య టపాకీ ప్రయాణికులకీ నడిపింది. యుద్ధమొస్తే ఫిరంగులు బిగించేందుకు వీలుగానే కట్టించారు. 1914లో యుద్ధం రానే వచ్చింది. దాని జంట ఓడ 'ఎంప్రెస్ ఆఫ్ జపాన్' ఫిరంగులు ఎక్కించుకుని వెళ్లింది. దీన్ని మాత్రం గ్వాలియర్ మహారాజు మాధవరావు సింధియా కొని, భారత సైనికులకు ఆసుపత్రి ఓడగా మార్పించారు. 'లాయల్టీ' అని పేరు పెట్టారు.

ప్రయాణికుల ఓడను ఆసుపత్రి చేయడమంటే మంచాలు వేసేయడం కాదు. ఓడల్లో పనిచేసిన చేతులకు అది తెలుసు. స్ట్రెచరు తిరగని ఇరుకు సందుల్లో అడ్డుగోడలు తీసేయాలి. చీము పట్టిన గాయాల మధ్య గాలి ఆడేలా చూడాలి. అలకు ఓడ ఒరిగినా కదలకుండా ఆపరేషన్ బల్లను నేలకు బిగించాలి. కత్తి పట్టిన డాక్టరుకు ఆ బిగింపే ధైర్యం.

యుద్ధం ముగిశాక బొంబాయి వ్యాపారులు వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ, వారి మిత్రులు ఆ ఓడను కొన్నారు. వారు పెట్టిన ఓడల కంపెనీకి సింధియా పేరు అలా వచ్చింది. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. మనం ఏటా నౌకాదినోత్సవం జరుపుకునే తేదీ అదే. అప్పటికే ముసలి ఓడ, 1923లో బొంబాయిలో విడగొట్టేశారు.

తెల్లవాళ్ల కంపెనీలు ఛార్జీలు తగ్గించి తొక్కాలని చూసినా సింధియా కంపెనీ నిలబడింది. 1941 జూన్ 21న ఆ కంపెనీ విశాఖలో పెట్టిన మన యార్డుకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అయినా 1948 మార్చి 14న యార్డులో కట్టిన ఓడ 'జల ఉష' నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. 1952లో యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది.

యార్డు యాజమాన్యానికి నాదొక విన్నపం. లాయల్టీ, జల ఉష బొమ్మలు పక్కపక్కన యార్డులో పెట్టించండి. కొత్తగా పనిలో చేరే పిల్లలకు తాము రోజూ ఏ పేరు విని బస్సు దిగుతున్నారో తెలియాలి.